తమ్ముడి కంటే కింది పుస్తకం

పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లులం నలుగురం కలిస్తే చాలు, లెక్కల పుస్తకాల దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకుంటాం. రోజూ అన్నీ కాస్త కాస్త తిప్పి చెప్పేది మంచిదని ఒకరు, ఒక్కటే ఒంటపట్టేదాకా వదలనిది మంచిదని ఇంకొకరు. చర్చి బేస్‌మెంటులో ఏటా జరిగే పాత పుస్తకాల అమ్మకంలో నా గొంతే పైన వినిపించేది. ఈ ఏడు మాత్రం నోరు కుట్టేసుకున్నాను. నా కూతురు టాబిథా లెక్కల పుస్తకాన్ని కుక్క గూట్లో తోసేసిందని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

దానికి తొమ్మిదో ఏడు. తమ్ముడు జూడ్‌కి ఏడు. నాకు పని తగ్గుతుందని ఇద్దరికీ ఒకే పుస్తకం పెట్టాను. గడియారం ఎదురుగా పెట్టి పేజీలు పూర్తి చేయించే పుస్తకం. వాడు ఈల వేసుకుంటూ ముగించేవాడు. ఇది పెన్సిల్ కొరుకుతూ కూర్చునేది.

ఒకరోజు సూప్ తాగుతూ చాలా మామూలుగా అంది. "అమ్మా, నాకు లెక్కల బుర్ర లేదు. వాడొక్కడికే వచ్చింది."

ఏడ్చి చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు.

అందుకే ఆ అమ్మకంలో ఎవరితోనూ మాట్లాడకుండా బల్లలన్నీ వెతికాను. చివరికి ఒక లెక్కల పుస్తకాల సెట్టు దొరికింది. అట్టల మీద తరగతి అంకెలు లేవు, రంగులే. వెంట ఒకట్లకి, పదులకి, వందలకి వేరువేరు చెక్క దిమ్మలున్న పెట్టె. పద్ధతి ఒక్కటే: పాఠం అయ్యాక పిల్లే తల్లికి తిరిగి చెప్పాలి, చెప్పలేకపోతే పేజీ తిప్పకూడదు. ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చే ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఇంటికొచ్చి అడిగాను. టాబిథా పదుల దగ్గరే ఆగిపోయింది. అంటే మొదలుపెట్టాల్సింది పచ్చ పుస్తకం.

మా అత్తగారు ఆర్డిస్ బడిలో చిన్నపిల్లలకి చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి. పుస్తకం తిరగేసి కళ్ళజోడు తీసేసింది.

"ఏమ్మా మార్లా, నీకేమైనా పిచ్చా? ఇది ఒకటో తరగతి పిల్లలది. తమ్ముడు వందల్లో తీసివేతలు చేస్తుంటే దీన్ని కూర్చోబెట్టి దిమ్మలు పేర్పిస్తావా?"

"అవునత్తయ్యా, పేర్పిస్తాను."

"వాడు నవ్వుతాడు."

"నవ్వితే వాడి పళ్ళు రాలగొడతాను."

"ఈ నెబ్రాస్కా రాష్ట్రం మొత్తానికి నీ అంత మొండిదాన్ని చూడలేదు," అంటూ కాఫీ ఒంపుకుంది.

వాడు నవ్వనే నవ్వాడు. "అక్కా, నీది బొమ్మల పుస్తకం!" టాబిథా చెవులు ఎర్రబడ్డాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చేసింది తప్పయితే ఆ పిల్ల నా మాట ఇంకెప్పుడూ నమ్మదు. కానీ వెనక్కి తగ్గలేదు. రోజూ నేను శిష్యురాలిని, అది పంతులమ్మ. మొదట్లో గొణిగేది. పోనుపోను, "అమ్మా, ఆవలించకు, ఇటు చూడు," అని గదమాయించేది. హాయిగా తిట్లు తిన్నాను.

జనవరిలో ఒక ఉదయం, బయట మంచు కురుస్తోంది. అత్తగారు ఓవెన్ దగ్గర నిలబడి రొట్టెలు చూస్తోంది. జూడ్ ఉన్నట్టుండి పెన్సిల్ విసిరికొట్టి భోరుమన్నాడు. మూడు వందల్లోంచి నూట అరవై ఎనిమిది తీసేయాలి. వాడికి రెండు వందల అరవై ఎనిమిది వచ్చింది. పుస్తకం తప్పంటోంది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అదే.

అత్తగారు కదలబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. టాబిథా అప్పటికే లేచింది.

"ఏడవకురా. మూడు వందలు ఉన్నాయి నీ దగ్గర. వందకి పైనే ఇచ్చేశావు. ఇంకా రెండు వందల అరవై ఎనిమిది ఎలా మిగుల్తాయి, చెప్పు?"

వాడు ముక్కు ఎగబీల్చాడు. "ఏమో. సున్నాలోంచి ఎనిమిది పోదుగా, అందుకని ఎనిమిదిలోంచి సున్నా తీశాను."

"భలేవాడివే! నీ ఇష్టం వచ్చినట్టు తలకిందులు చేస్తే అవుతుందా?" వంద దిమ్మలు మూడు పెట్టింది. ఒకదాన్ని తీసి దాని బదులు పది పదులు పెట్టింది. అందులో ఒక పదిని తీసి పది ఒకట్లు పెట్టింది. "ఇప్పుడు తియ్యి. నేను ముట్టుకోను."

వాడు ఒక్కొక్కటే తీశాడు. మిగిలినవి లెక్కపెట్టాడు. "నూట ముప్పై రెండు!"

"ఆఁ. ఎందుకు?"

"ఎందుకేంటి? వచ్చిందిగా!"

"వస్తే చాలదు. ఎందుకో నాకు చెప్పు."

వాడు దిమ్మల్ని మళ్ళీ లెక్కపెట్టడం మొదలెట్టాడు. అత్తగారు రొట్టెల సంగతే మరిచిపోయి నిలబడింది. "బడిలో పంతులమ్మగా నా పక్క గది ఇచ్చేదాన్ని దీనికి," అని గొణిగింది. ఆవిడ నోటినుంచి అలాంటి మాట నేనైతే ఎప్పుడూ వినలేదు. గర్వం అంటారు చూడండి, అది నిజంగానే గుండెలో బరువుగా కూర్చుంటుంది.

జూడ్ లెక్క ఆపి దిమ్మల్ని అక్క వైపు తోశాడు. తర్వాత చిన్న గొంతుతో అడిగాడు. "అక్కా, నాక్కూడా పచ్చ పుస్తకం చెప్తావా?"

టాబిథా వాడిని ఎగాదిగా చూసింది. ఇప్పుడు నవ్వాలనుకుంటే నవ్వచ్చు. నవ్వలేదు.

"చెప్తాను. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. గడియారం తీసి అవతల పెట్టు," అని కుర్చీ వాడి పక్కకి లాక్కుంది.