అక్కాచెల్లెళ్ళ రక్తం

"ఇంగ్రిడ్‌ది బుర్ర కాదు మార్నీ, పాదరసం," అన్నాడు రోరీ, మార్నీ కాల్చి వెన్న రాసిచ్చిన రొట్టె కొరుకుతూ. పిల్లల బూట్ల లేసులు కడుతున్న ఆమె తలెత్తలేదు. పదకొండేళ్ళ కాపురంలో తన బుర్రను అతను దేనితోనూ పోల్చిన గుర్తు లేదు.

ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో ముగ్గురిదీ ఒకే ల్యాబ్. అక్కడి అడవుల్లో ఉండే గెంతే చీమ కుడితే కొందరికి చెయ్యి వాచి ఊరుకుంటుంది, కొందరికి ఊపిరే అందదు. దగ్గర్లోని సిగ్నెట్ అనే ఊళ్ళో ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళలో ఆ తేడా ఉందని విని, ఏడో నెల కడుపుతో వెళ్ళి ఇద్దరి రక్తమూ తెచ్చింది మార్నీ. చీమ విషం చుక్క తగలగానే చెల్లెలి ఎలర్జీ కణాలు రెచ్చిపోయాయి. అక్కవి నిబ్బరంగా ఉన్నాయి. జన్యువులో ఒక్క అక్షరం తేడా వల్లనేమోనని నోట్‌బుక్కులో రాసుకుంది. తర్వాత కాన్పు, సగం రోజుల ఉద్యోగం. "వాడికది పరిశోధన, నీకు ఉద్యోగమేగా" అని అత్తగారు తేల్చేసింది.

ఇప్పుడా అక్షరం అదే రక్తంలో ఇంగ్రిడ్‌కి దొరికింది. ఇంగ్రిడ్ పగుళ్ళు లేని చేతులంటే మార్నీకి ఒళ్ళుమంట. ఎవరి కోసమూ గడియారం చూడకుండా ఏడింటిదాకా పనిచేసుకునే ఆ తీరిక అంటే మరీ మంట. మార్చిలో ఇంగ్రిడ్ పెంచిన కణాలు చచ్చిపోతే మార్నీకి లోపల హాయిగా అనిపించింది. సిగ్గేసింది. సిగ్గేసినా హాయి పోలేదు.

ఆ శుక్రవారం మూడింటికి ల్యాబ్ మీటింగులో దాని మీద ఇంగ్రిడ్ ప్రసంగం. అందరి కప్పులూ మార్నీ కడుగుతుంటే ఇంగ్రిడ్ పక్కకొచ్చి నిలబడింది.

"సిగ్నెట్ ట్యూబుల మీద చేతిరాత ఎవరిది? రోరీ తనదన్నారు. ఆలోచన కూడా తనదేనట. అందుకే వ్యాసంలో ఆయన పేరు పెట్టాను. కానీ ఆ అంకెలు మీ అంకెల్లా ఉన్నాయి."

మార్నీ కుళాయి కట్టేసింది. ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది ఈ పిల్లని చూసి. దోచుకున్నవాడు మాత్రం రోజూ తన పక్కనే పడుకున్నాడు. నేరుగా అడగగలిగినందుకు ఇంగ్రిడ్ మీద ఇంకోసారి అసూయ పుట్టింది.

"నాదే," అంది. "నోట్‌బుక్కు సొరుగులో ఉంది, తేదీలతో సహా. ప్రసంగంలో మొదటి పటం నేను వివరిస్తాను."

"చెప్పండి," అంది ఇంగ్రిడ్. "వ్యాసంలో పేరు ఇప్పుడే మారుస్తాను."

రెండున్నరకి రోరీ నడవాలో ఎదురయ్యాడు. "నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటి? పిల్లల్ని తీసుకురావద్దూ?"

"ఈ పూట నువ్వెళ్ళు. నాకు మీటింగుంది."

"నాకూ అదే మీటింగు కదా."

"తెలుసు," అంది మార్నీ.