పరగడుపు రక్తం

నర్సు రక్తం తీసి, గొట్టానికి మూత బిగించి, ఐస్ పెట్టెలో సర్దేసిన తర్వాత నా భార్య కనకలక్ష్మి తేన్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని వాసన నాకు తగిలింది. నేను చేపల వ్యాపారిని. పడవ నుంచి దించిన బుట్ట ఏ పూటదో ముక్కుతోనే చెబుతాను. ఇది పులిసిన వాసన.

“ఏం తాగేవు?” అన్నాను.

“ఏటీ లేదు మావా.”

“కనకం.”

ఆవిడ పక్కనున్న తల్లి వైపు చూసింది. మా అత్త కాళమ్మ ఆసుపత్రి కిటికీలోంచి వాన చూస్తున్నట్టు తల తిప్పుకుంది.

“తరవాణి. ఒక్క సెంబు. అమ్మ ఇచ్చింది” అంది కనకం.

నేను ఐస్ పెట్టె వైపు చూశాను.

కనకానికి కిడ్నీలో మొదలైన కేన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. ఒంట్లోని రక్షణ కణాలను కేన్సర్ మీదికి ఉసిగొల్పే ఇంజక్షన్ ఒకటి ఇచ్చారు. అది అందరికీ పని చేయదు. ఎందుకు చేయదో తేల్చడానికి చెన్నైలో ఒక పరిశోధన జరుగుతోంది. దాని ఇక్కడి పని చూసే నర్సు సుష్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది. మనం తిన్నదాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు విరగ్గొట్టి చాలా చిన్న పదార్థాలను రక్తంలోకి వదులుతాయట. వాటిని మెటబొలైట్లు అంటారు. వాటిలో ఒకటి ఆ రక్షణ కణాలకు బలం ఇస్తుందేమోనని వాళ్ల ఆలోచన. ఎవరి రక్తంలో అది తక్కువగా ఉందో వాళ్లకు ఇంజక్షన్‌తో పాటు దాన్నే గుళికగా ఇచ్చి చూస్తారు. చాలినంత ఉన్నవాళ్లకు ఇవ్వరు. ఏం తిన్నా, తాగినా ఆ లెక్క మారిపోతుంది. అందుకే రక్తం పరగడుపున తీయాలి.

మా ఇళ్లలో పరగడుపు లెక్క వేరు. అన్నం గంజి కుండలో పులవబెట్టి, ఆ తేట తెల్లవారగానే తాగుతాం. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి బంగాళాఖాతం దాటి ఈ దీవులకు వచ్చినప్పుడు తెచ్చుకున్న అలవాటు అది. తరవాణి తాగినవాడిని తిన్నావా అని అడిగితే లేదనే చెబుతాడు.

“ఏటి అల్లుడా, అలా సూస్తావు? పేగుల్లో పురుగులు మంచి సరుకు తయారు సేస్తాయని ఆ నర్సు పిల్లే కదేటి సెప్పింది? తరవాణి కన్నా మంచిదేటుంది? మెతుకు ఒక్కటీ ఎయ్యలేదు. వట్టి నీళ్లే” అంది అత్త.

“ఆ నీళ్లే కొంప ముంచాయి అత్తా.”

“ముంచడానికి నానేటి తుపాన్నా?”

తుపాను మాట నిజంగానే ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం. పడవలన్నిటినీ ఒడ్డుకు రప్పించారు. ఇవాళ మధ్యాహ్నం విమానం బయల్దేరుతుంది, నా చేపల పెట్టెలు దాంట్లోనే చెన్నై వెళ్తాయి. కార్గోలో అందరూ ఎరిగినవాళ్లని సుష్మ ఐస్ పెట్టెను నా చేతికే ఇచ్చింది. రేపటి విమానం సంగతి ఎవరూ చెప్పలేరు. రేపే కనకానికి రెండో ఇంజక్షన్. దానికి ముందు తీసిన రక్తమే పనికొస్తుంది. పరిశోధనలో పేర్లు తీసుకోవడం కూడా రేపటితో ఆఖరు.

కనకం నా చెయ్యి పట్టుకుంది. “సుష్మ దీదీకి సెప్పకు మావా. పేరు కొట్టెస్తారు.”

నేను లెక్క వేశాను. చెప్పకపోతే పెట్టె వెళ్తుంది. ఒక చెంబు తరవాణికి పరీక్షలో తేడా కనబడకపోవచ్చు. చెబితే చేతిలో ఉన్నది పోతుంది, రేపటిది గాలిలో ఉంది. చేతిలో సరుకు పారేసి, ఇంకా వలలో పడని దానికి బేరం పెట్టే మనిషిని కాను నేను.

అడుగున నిన్నటి చేప, పైన ఇవాళ్టి చేప పేర్చి విమానం ఎక్కించేవాళ్లు మాలో ఉన్నారు. అక్కడ పెట్టె విప్పినవాడు తిట్టుకుంటాడు. ఆ తిట్టు సముద్రం దాటి వచ్చి పంపినవాడికి తగలదు. కానీ ఈ పెట్టెలో సరుకు పంపేది మేమే, కొనుక్కునేదీ మేమే. ఆ రక్తం చూసి ‘ఈవిడకు చాలినంత ఉంది’ అని వాళ్లు రాసేస్తే, గుళిక లేకుండా మిగిలేది కనకం.

పెట్టె ఎత్తుకుని లోపలి గది వైపు తిరిగాను.

“మెట్లు అటు మావా” అంది కనకం. “మావా, మెట్లు అటు!”

సుష్మ నన్ను చూసి గడియారం చూసింది. “భయ్యా, ఇంకా ఇక్కడేనా? ఫ్లైట్ నీ కోసం ఆగుతుందా?”

చెప్పాను. సుష్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “అరే యార్! పూరా సమ్‌ఝాకే చెప్పాను కదా దీదీకి. తరవాణి ఎంత? గ్లాసా?”

“చెంబు.”

“చెంబా!”

చెన్నైకి ఫోన్ చేసింది. అటువైపు ఎవరినో పిలుచుకొస్తామన్నారు. సుష్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది. కనకం గుమ్మంలో గోడకు ఆనుకుంది. నేను పెట్టె కింద పెట్టలేదు. చివరికి సుష్మ నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడి ఫోన్ పెట్టేసింది.

“ఆ రక్తం పనికిరాదన్నారు. ఉన్నదాని కంటే ఎక్కువ చూపించొచ్చట. రేపు పొద్దున్నే మళ్లీ తీసి పంపితే తీసుకుంటారు. ఫ్లైట్ రాకపోతే ఖతమ్ భయ్యా. ఇంజక్షన్ ఇచ్చేస్తారు, గుళిక ఉండదు.”

గొట్టం తీసి ఎర్ర డబ్బాలో పడేసింది.

ఆటోలో మా ఊరు గరాచర్మ చేరాం. ఇంటి ముందు దిగాక కనకం అంది: “ఎల్లిపోయే పెట్టెని ఆపేసేవు. రేపు ఇమానం రాకపోతే నీతో మాటాడను.”

మర్నాడు ఆసుపత్రికి బయల్దేరేవరకు అత్త వంటింటి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. తనూ ఏమీ తాగలేదు. సుష్మ రక్తం తీసింది. నేను వానలో స్కూటర్ మీద, పెట్టె కాళ్ల మధ్య పెట్టుకుని విమానాశ్రయానికి వెళ్లాను.

మబ్బు నెత్తి మీదికి దిగి ఉంది. చెన్నై నుంచి విమానం వచ్చింది. మోత వినబడింది, విమానం కనబడలేదు. మోత దగ్గరైంది, మా మీదుగా పోయింది, దూరమైంది.

“రన్‌వే కనబడలేదు” అన్నాడు కార్గోలో పనిచేసే బాబ్జీ. “ఇంకోసారి చూస్తాడు భయ్యా. అప్పటికీ కాకపోతే వాపస్.”

షెడ్డులో అందరూ పైకి చూస్తున్నారు. నిన్న ఎక్కగా మిగిలిన నా చేప పెట్టెల నుంచి నీరు కారుతోంది. దాని మీదికి నా మనసు పోలేదు. నిన్నటి గొట్టం వెళ్లి ఉంటే ఈపాటికి చెన్నైలో ఉండేదన్న మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. నేను వేసిన లెక్కకు కనకం ప్రాణం కట్టాలా?

మోత మళ్లీ వచ్చింది. ఈసారి మబ్బు కింద రెండు దీపాలు కనబడ్డాయి. చక్రాలు నేలకు తగిలి నీళ్లు లేచాయి.

పెట్టె విమానం ఎక్కాక కనకానికి ఫోన్ చేశాను.

“ఎక్కిందా?” అంది కనకం.

“ఎక్కింది.”

“సరే అయితే. తిన్నావా?”

వారం తిరిగాక సుష్మ కబురు చెప్పింది. “తక్కువే ఉంది భయ్యా. బాగా తక్కువ. దీదీ పేరు చేర్చుకున్నారు.”

“గుళిక పని చేస్తుందా?”

“అది తెలుసుకోడానికే కదా ఇదంతా.”

సరుకు తక్కువన్న కబురుకు నేను సంతోషించడం అదే మొదలు. కనకంతో చెప్పాను. “నా ఒంట్లో అది లేదంట అమ్మా” అని తల్లిని పట్టుకుని ఏడ్చింది. నవ్వింది కూడా.

మొదటి గుళిక ఆసుపత్రిలోనే, సుష్మ ఎదురుగా మింగాలి. కనకం అరచేతిలోకి అత్త వంగి చూసింది.

“ఇంత సిన్నదేటి? ఇది ఆ రాచపుండుని కొట్టేస్తాదా?”

కనకం గుళిక నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. గ్లాసు పక్కన పెట్టి, గొంతు మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకుంది. ఆవిడ కళ్లు తెరిచేదాకా నేను చూస్తూ ఉన్నాను.