నలభై ఒకటో టికెట్

మా ఆఫీసులో ఇప్పుడు ఉండేది ఇద్దరమే, నేనూ సర్వరూ. మిగతావాళ్లంతా ఇళ్ల నుంచే పని చేస్తారు. సర్వరును ఇంటికి మోసుకుపోలేం కాబట్టి నేను రోజూ తొమ్మిదింటికి వచ్చి తాళం తీస్తాను. నలభై ఎనిమిదేళ్ల ఒంటరి మనిషిని. ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు. ఇక్కడ కనీసం దాని ఫ్యానైనా మోగుతుంది.

మేము నీటి మీటర్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఏది పాడైందో రాసుకునే టికెట్లు, ఎవరు ఏ రోజు కోడులో ఏ లైను మార్చారో చెప్పే చరిత్ర, రెండూ ఆ ఒక్క మెషీన్ మీదే ఉంటాయి. రెంటినీ ఒకచోట పెట్టింది నేనే. పెట్టి ఊరుకున్నానా, ఒక రూలు కూడా పెట్టాను. తెరిచి ఉన్న టికెట్ నంబరు వెయ్యకపోతే సర్వరు కోడు తీసుకోదు, మొహాన కొడుతుంది. పని పూర్తి కాకుండా టికెట్ మూయకూడదన్నది రెండో రూలు.

మా కుర్రకారు నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. టీ గదిలో లైటు పోయిందని ఎవరో రాసిన నలభై ఒకటో టికెట్ ఒకటి ఉండేది. చిన్నాచితకా మార్పులన్నిటికీ ఆ నంబరే వెయ్యడం మొదలుపెట్టారు. వేసిన ప్రతిసారీ వాళ్లు రాసిన మాట ఆ టికెట్ కింద చేరుతుంది. "కామా మర్చిపోయా, అక్కకి చెప్పకండి" అని ఒకడు, అక్కంటే నేనే. "అక్క చూసేసింది" అని ఇంకొకడు. "పాపకి జ్వరం, పెందలాడే వెళ్తున్నా" అని ఒకామె. వాటి కింద నేను "ఇది కబుర్లు చెప్పుకునే చోటు కాదు" అని రాసేదాన్ని. రాసి, తరువాత ఏమొచ్చిందా అని పది నిమిషాలకోసారి చూసేదాన్ని.

లైటు బాగైతే టికెట్ మూసెయ్యాలి. ఎలక్ట్రీషియన్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ "తర్వాత రా బాబూ, ఇప్పుడు లోపల పనుంది" అని నేనే పంపేశాను. ఆ గదికి కిటికీ లేదు. పదకొండేళ్లుగా ఫోన్ వెలుగులోనే టీ. మొదట అందరం, చివరి నాలుగేళ్లూ నేనొక్కదాన్నే. ఇళ్లకు వెళ్లాక ఒక్కొక్కరే అందులో రాయడం మానేశారు. ఆ టికెట్‌లో కొత్త మాట పడి రెండేళ్లు దాటింది. పాతవే చదువుకుంటున్నాను.

సోమవారం కొత్త మేనేజరు ఫోన్ చేశాడు.

"మేడం, టికెట్లూ కోడూ రెండూ బయట అద్దె సర్వీసుకి మార్చేస్తున్నాం. తెరిచి ఉన్న టికెట్లే అక్కడికి వెళ్తాయి. శుక్రవారం ఐదింటికి మీ మెషీన్ ఆపేయండి."

"అలాగేనండి."

"అన్నట్టు, ఆ లైటు టికెట్ ఏంటి మేడం? నాలుగు వేల కామెంట్లా! దాన్ని మోసుకెళ్లలేం, మూసేయండి."

"పని కాకుండా ఎలా మూస్తామండీ?"

"అయితే లైటు వేయించండి" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ రూలు నాదే, ఎవరిని తిట్టను? శుక్రవారం వస్తూ వస్తూ బల్బు కొనుక్కొచ్చి, మధ్యాహ్నం స్టూలెక్కి నేనే బిగించాను. స్విచ్చి వేస్తే గది మొత్తం కనబడింది. పై అరలో, నా చెయ్యి ఎప్పుడూ వెళ్లని మూల, పదకొండు కప్పులు బోర్లించి ఉన్నాయి. అన్నిటికీ దుమ్ము. ఏది ఎవరిదో నాకు తెలుసు. పిడి విరిగింది చిన్నోడిది, మా కుర్రకారులో అందరికంటే చిన్నవాడు. అన్నీ కడిగి తుడిచేసరికి మూడైంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. చూసేవాళ్లెవరున్నారు కనక.

"లైటు వేశాను" అని రాసి టికెట్ మూశాను. టికెట్ మూస్తే, అందులో ఎప్పుడైనా రాసినవాళ్లందరికీ సర్వరు దానంతటదే మెయిల్ పంపుతుంది. ఆ సంగతి తెలిసే నొక్కాను. ముప్పై ఎనిమిది మందికి వెళ్లింది. ముప్పై ఒకటి, ఆ చిరునామాలో ఎవరూ లేరంటూ తిరిగొచ్చాయి. ఆరుగురు ఇప్పటికీ మావాళ్లే, చూసి ఊరుకున్నారు. నేను తెర ముందు నుంచి కదల్లేదు. ఒక్కరైనా పలకాలని ఉంది నాకు, అంతే.

ఐదుకు ఏడు నిమిషాలుందనగా టికెట్ తిరిగి తెరుచుకుంది. మెయిల్‌కి ఎవరైనా జవాబిస్తే అది టికెట్ కిందే చేరుతుంది, మూసినది మళ్లీ తెరుచుకుంటుంది. రాసింది చిన్నోడు. ఆరేళ్ల కిందట మానేసిన మనిషి. ఆఫీసు చిరునామా వద్దని సొంతదే వాడేవాడు, అప్పట్లో దానికీ తిట్టాను.

"అక్కా, ఇన్నాళ్లూ చీకట్లోనే టీ తాగుతున్నారా?"

ఏవేవో రాసి చెరిపాను. ఆఖరికి "అవును. ఒక్కదాన్నే" అని పంపాను. ఐదైంది. చెప్పినట్టే మెషీన్ ఆపాను. దాని ఫ్యాను కూడా ఆగాక అక్కడ నిలబడలేకపోయాను. తాళం వేసి మెట్లు దిగాను.

వీధి చివరికి వెళ్లాక గుర్తొచ్చింది. నేను జవాబు రాసింది టికెట్‌లో. వాడు మళ్లీ ఏదైనా రాస్తే అది నాకు రాదు, నేను ఆపేసిన మెషీన్‌కి వెళ్తుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, ఇలా పప్పులో కాలేశాను.

వెనక్కి పరిగెత్తాను. ఆయాసపడుతూ తాళం తీసి బటన్ నొక్కాను. అది లేచి కూర్చోడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఈలోగా ఫోన్ మోగింది.

"ఆపేశారా మేడం?"

"లేదండీ. ఒక టికెట్ ఇంకా తెరిచే ఉంది. పని పూర్తి కాలేదు."

ఆయన ఏదో అంటుండగానే పెట్టేశాను. టీ గదిలోకి వెళ్లి లైటు వేశాను. నా కప్పు పక్కన, పిడి విరిగిన కప్పు కూడా దించాను.