వచ్చిన పార్కు

తలుపుచెక్కలు ఒక్కొక్కటిగా తీసి గోడకు ఆనించి, గుమ్మం ముందు నీళ్లు చల్లాక, పార్వతీదేవి తలెత్తి మొదట చూసేది ఎదుటి పార్కు తాళ్లనే. అవన్నీ బిగువుగా ఉంటే లోపలికి వెళ్లి దేవుడి ముందు దీపం వెలిగించేది. ఒక్కటి వదులుగా కనిపించినా దీపం ఆగేది. మనుషుల్ని పిలిపించి, లాగించి, ముడి బిగించాకే ఆమెకు తక్కిన పనులు.

శ్రీకాకుళంలో నాగావళి గట్టున తాళ్లకొట్టు అంటే ఆమెదే. కొబ్బరితాడు, నైలాన్ తాడు, వలలు, పశువుల పలుపులు అందులో దొరికేవి. భర్త కూర్మయ్య బేరం మాట్లాడేవాడు. తాడు కొలిచేదీ కోసేదీ ఆమె. ఆయన మాటలకు ఊరు నవ్వేది, ఆమె మౌనానికి ఊరు లొంగేది.

గేటు తెరిచేసరికి సుగరున్నవాళ్లు, పదవీ విరమణ చేసినవాళ్లు, నడుము నొప్పుల ఆడవాళ్లు చేరి చెట్ల కింద చుట్టూ తిరిగేవారు. ఏట్లో నీళ్లు పెరిగిన రోజుల్లో పార్కు కొద్దిగా ఊగేది. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు మొదటిరోజు చెట్టు పట్టుకునేవారు. వారం తిరిగేసరికి వాళ్లూ చేతులు ఊపుకుంటూ నడిచేవారు.

ఆ పార్కు శ్రీకాకుళంలో పుట్టింది కాదు, వరదలో వచ్చింది. పెద్దవరద ఏడాది, దసరాలకు ముందు ఒక మధ్యాహ్నం, ఎగువ నుంచి ఎకరమున్నర నేల తేలుతూ వచ్చింది. దాని మీద మామిడిచెట్లు, ఒక పనసచెట్టు, నిండా నీళ్లతో ఒక నుయ్యి ఉన్నాయి. కూర్మయ్య తండ్రి నారాయణమూర్తి గారు కొట్టులోంచి తాడు తెచ్చి విసిరి, మామిడి మొదలుకు ఉచ్చు పడేటట్టు చేసి, రెండో కొసను రేవులోని రాతిస్తంభానికి కట్టారు. దారిన పోయేదాన్ని ఆపినవాడిదే ఆస్తి అని ఆయన లెక్క. సర్కారు వారి లెక్క వేరు. వాళ్లు కంచె వేశారు, సిమెంటు బెంచీలు వేశారు, గట్టుకీ నేలకీ నడుమ చెక్కవంతెన వేసి గేటు పెట్టారు, ఉద్యానవనం అని బోర్డు రాయించారు. ఊరు మాత్రం దాన్ని వచ్చిన పార్కు అనే పిలిచింది. వరద సూచన వచ్చిన ప్రతిసారీ వీధిలో ఇంటికో తాడు చొప్పున తెచ్చి, మామిడి మొదళ్లకు కట్టి, గట్టు స్తంభాలకు బిగించేవారు. అది ఆ వీధి ఆచారమైపోయింది.

ఆ నేల నడుమ ఒక మట్టి అరుగు ఉంది. దాని వెనక ఉండవలసిన ఇల్లు వరదకు పోయింది. అరుగు మీద సగం ముగ్గు ఉంది. చుక్కలన్నీ పెట్టి ఉన్నాయి, గీతలు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఎన్ని వానలు కురిసినా ఆ ముగ్గు చెరగలేదు. మిగిలిన సగం ముగిద్దామని చాలామంది ఇల్లాళ్లు కూర్చున్నారు గానీ, వేసిన పిండి వేసినట్టే గాలికి పోయేది.

ముగ్గు పక్కన, నేల వచ్చిన ఆ మధ్యాహ్నం, నాలుగేళ్ల పిల్ల నిద్రపోతూ కనిపించింది. నేలను తీసుకున్న సర్కారు వారు పిల్లను తమకిమ్మనలేదు. నారాయణమూర్తి గారు ఆమెకు పార్వతీదేవి అని పేరు పెట్టి, పిల్లలు లేని చెల్లెలి ఇంట పెంచి, ఈడొచ్చాక కొడుక్కి చేసుకున్నారు.

"మా ఆవిడ ఎకరమున్నర భూమితో వచ్చిందండీ. భూమి సర్కారుకి పోయింది, కోపం నాకు మిగిలింది" అని కూర్మయ్య గిరాకీలతో అనేవాడు.

ఆయన సరసానికి అన్నా అది నిజం. ఎదురుగా ఉన్న ఆ పార్కులో పార్వతీదేవి పెద్దయ్యాక ఒక్కసారీ అడుగు పెట్టలేదు. భయమేమో అనుకుంది ఊరు. భయం కాదు. ఎగువన ఎక్కడో ఆ నేలను కట్టిన తాడు తెగితే తెగింది, వరద తీశాక ఏటి ఒడ్డు పట్టుకుని నడిచి వచ్చి, మా పిల్లను చూశారా అని ఒక్కరైనా అడగలేదేం? ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. ఆ నేల మీదకు వెళ్లనూ లేదు, దాన్ని పోనివ్వనూ లేదు.

నేల తేలుతూ వచ్చిన సంగతి ఏ పత్రికలోనూ పడలేదు. అది ఎవరికీ వింతగా తోచలేదు, వింత కానిదాన్ని ఎవరూ పొరుగూరికి మోసుకుపోరు. ఆ నిర్లక్ష్యానికి వెల ఎంతో తిత్లీ తుఫాను ఏడాది తెలిసింది.

ఆ ఏడు మహాలయ అమావాస్యనాడు పార్వతీదేవి ఎవరికో తాడు కొలుస్తోంది. పార్కు ఊడ్చే మరిడమ్మ చీపురుతోనే పరుగెత్తుకు వచ్చింది.

"అమ్మగారూ, ఎవులో ముసిల్ది వచ్చినాది. అరుగు మీద ముగ్గు ముగించీసినాది."

"పిండి నిలిచిందా?"

"నిలిసినాది."

చాచిన రెండు చేతుల నడుమ కొలుస్తున్న బార అక్కడే ఆగిపోయింది.   పార్వతీదేవి తాడు కింద పెట్టి, వీధి దాటి, చెక్కవంతెన మీదుగా గేటు లోపలికి నడిచింది. టిక్కెట్టు ఇచ్చేవాడు లేచి నిలబడ్డాడు. నడిచేవాళ్లు నడక ఆపేశారు.

అరుగు మీద ఎండిన మనిషి ఒకామె కూర్చుని ఉంది. వేళ్లకు ఇంకా తెల్లపిండి. పక్కన గుడ్డమూట. ముగ్గు నిండుగా ఉంది. పాత సగం ఎక్కడ ఆగిందో, కొత్త సగం ఎక్కడ మొదలైందో ఆనవాలు లేదు.

"ఎవరు నువ్వు?" అంది పార్వతీదేవి.

"గున్నమ్మనంటారు. మాది పాలకొండకి అవతల. కల్లేపిల్లి పోదారని బస్సు దిగినాను. తుఫానంట, సముద్రం కాడికి ఎవుల్నీ పోనివ్వరంట. ఆటోవోడు ఈ పార్కుల కూకోమని దించీసినాడు." ఆమె అరచేత్తో అరుగును నిమిరింది. "ఇది మా అరుగమ్మా. నాను అలికినాను. నా ఏలి గుర్తులు సూడు."

"కళ్లేపల్లి ఎందుకు?"

"ఏటేటా ఎల్తాను. మా గుంట, నాలుగేళ్ల పిల్ల, ఈ అరుగు మీద తొంగున్నప్పుడు నేల ఎల్లిపోయినాది. ఏట్లో ఎల్లింది ఎక్కడికి పోతాది? సముద్రానికే గదా. అందుకే ఏటి మొగకి పోయి, పసుపూ కుంకమా, దానికో గుడ్డా నీటిలో ఒగ్గీసి వస్తాను. మొదట గౌన్లు ఒగ్గినాను. పెద్దదయ్యుంటాదని లెక్కేసుకొని పరికినీలు. తరవాత సీరలు." మూట విప్పి చూపింది. ముదురాకుపచ్చ నేతచీర, దానికి కుట్టించిన రవిక. "ఈపాటికి నలబై దాటుంటాది, మెరుపు రంగులు బాగోవని ఇది తీసినాను."

 పార్వతీదేవి కూర్చోలేదు.

"ఏటా ఈ ఊళ్లోనే బస్సు దిగేదానివా?"

"ఈ ఊర్లోనే. బస్సు కాంప్లెక్సుల దిగి, ఆటో ఎక్కీసి ఎల్లిపోవడమే."

"ఈ ఊళ్లో ఎవరినీ అడగలేదేం?"

"ఏటని అడగాల? సముద్రంల కలిసిపోయిందాన్ని ఊర్లోవోల్లని అడుగుతారేటి?" ఆమె చుట్టూ మూగినవాళ్లను చూసింది. "మీరెవులైనా సూసినారా? ఈ అరుగు మీద మా గుంటని?"

 అందరూ పార్వతీదేవి వైపు చూశారు. 

"చూశారు. తాళ్లకొట్టు షావుకారు చెల్లెలి ఇంట పెరిగింది" అంది ఆమె.

"బతికున్నాదా?"

"ఉంది. రోజూ పొద్దున్నే లేచి కొట్టు తలుపులు తీస్తుంది."

గున్నమ్మ లేవలేదు, ఏడవలేదు. తెల్లపిండి చేతిని చాచి పార్వతీదేవి మోచేయి పట్టుకుని, కూరగాయ ముదురో లేతో చూసినట్టు నొక్కి చూసింది.

"గురమ్మా" అని కన్నప్పటి పేరుతో పిలిచింది. "ఇంత లావైపోనావేటే."

ఆ రాత్రి తాళ్లకొట్టు వెనక ఇంట్లో రవిక తొడిగి చూశారు. ఎక్కడా బిగువు లేదు, ఎక్కడా వదులు లేదు. కూర్మయ్య పళ్లెంలో చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇన్నేళ్ల కాపురంలో తాను తెచ్చిన ఏ రవికా ఆమెకు సరిపోలేదు.

"అత్తా, నీ కొలత పద్ధతేమిటో చెబితే మా కొట్టుకి పనికొస్తుంది" అన్నాడు. 

పార్వతీదేవి అడగవలసింది ఇంకొకటి ఉంది. "ఆ రోజు తాళ్లు తెగిపోయాయా?"

"నేదు. నానే కోసీసినాను."

మాట తేలిగ్గా వచ్చింది. 

"మా నేల తాతల నాటి నుంచీ తేలేదే. సింతమానుకి కట్టుకొని బతికేవోల్లం. నీ అయ్య పొయ్యేక తాళ్లు సూసేది నానే. ఆ దినం తెల్లారి ముగ్గు సగమేసేసరికి నీరొచ్చినాది. గట్టు దిగి సూసినాను. నీరు లేస్తన్నాది, నేల లెగాల గదా. తాడు లెగనిస్తాదేటి? కట్టినోల్లు మంచికే కడతారు. ఆ కట్టే ముంచుతాది. నేల కొస ములిగిపోతన్నాది, నువ్వు అరుగు మీద ఉన్నావు. తడిసిన ముడి రాదు. కత్తి పెట్టి కోసినాను. ఆఖరుది కోసీసరికి, గెంతుదారని నాను కాలెత్తేసరికి..." ఆమె చేయి గాలిలో దూరంగా పోయింది. "నాను గట్టు మీదుండిపోనాను. కోసే మనిసి అటుపక్కుండాలని ఆ గడియకి తోచలేదు."

పార్వతీదేవి ఆ రాత్రి నిద్రపోలేదు. తనను ఎవరూ వెతకలేదన్న కోపం ఒక్కటే ఇన్నేళ్లు ఆమెను నిలబెట్టిన స్తంభం. అది ఉన్నట్టుండి లేకపోయేసరికి, ఒరిగిపోకుండా ఏది పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

గురువారం తెల్లవారుజామున తుఫాను తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడుకున్నాయని కబురు వచ్చింది. ఊళ్లో కరెంటు లేదు. ఏరు వస్తోందని తెలిసి వీధి వీధంతా తాళ్లతో రేవుకు చేరింది. ఈసారి ఇంటికి రెండు తాళ్లు తెమ్మని చెప్పింది పార్వతీదేవే. అంతా విన్న తరువాత కూడా, అలవాటు కొద్దీ, భయం కొద్దీ, దొరికిన తల్లితో పాటు నేల కూడా పోకూడదన్న ఆశ కొద్దీ చెప్పింది. దగ్గరుండి పొట్టిగా, బిగువుగా కట్టించింది.

మర్నాడు పొద్దెక్కేసరికి ఏరు ఎర్రగా వచ్చింది. పార్కు లేవలేదు. ఏటివైపు అంచు నీళ్లలోకి దిగింది, కంచె మునిగింది, బెంచీల మీదకు బురదనీరు ఎక్కింది. గట్టు మీద జనం నిశ్చేష్టులై చూస్తున్నారు. ఇన్ని వరదలకూ నిలిచిన పార్కు వాళ్ల కళ్లముందే, వాళ్లు కట్టిన తాళ్లకే, తల వంచుకుని మునుగుతోంది.

మరిడమ్మ గుంపును తోసుకుంటూ వచ్చింది. "అమ్మగారూ, ముసిలమ్మ లోపలున్నాది. పిలిస్తే రాదు."

గున్నమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పార్వతీదేవి గేటు దగ్గర నిలబడి పిలిచింది.

"రా, అమ్మా." ఆ మాట అనడం ఆమెకు అదే మొదలు.

"అప్పుడు దిగినాను" అంది గున్నమ్మ. "దిగినందుకే ఇన్నేళ్లయినాది. ఇప్పుడు దిగను."

పార్వతీదేవి వెనక్కి తిరిగింది. కొట్టులోకి వెళ్లి తాళ్లు కోసే కత్తి తీసుకుంది. కూర్మయ్య గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"కత్తెందుకే?"

"కొయ్యడానికి."

"మనం అమ్మిన తాళ్లు మనమే కోస్తే రేపు మన దగ్గర ఎవడు కొంటాడు?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్లలో నీళ్లున్నాయి, కాబట్టి ఆ మాట వేళాకోళం కాదు, ఉండిపొమ్మని అడగడం. "పప్పు పొయ్యి మీదుంది. దించుకోండి" అంది.

ఒక్కొక్క స్తంభం దగ్గరకు వెళ్లి ఒక్కొక్క తాడు కోసింది. తెగిన ప్రతి తాడుకూ నేల ఇంత చొప్పున పైకి లేచింది, బెంచీల మీది నీళ్లు జారిపోయాయి. తాము తెచ్చి కట్టిన తాడును ఆమె కోస్తుంటే ఏ ఇంటివాళ్లూ చెయ్యి అడ్డం పెట్టలేదు.  చివరికి నారాయణమూర్తి గారు విసిరిన మొదటి తాడు ఒక్కటే మిగిలింది. పార్కు బరువంతా దాని మీదే పడి, అది తీగలా మోగుతోంది.

ఆమె స్తంభం దగ్గర కత్తి ఎత్తింది. దించింది. స్తంభం వదిలి చెక్కవంతెన మీదుగా లోపలికి నడిచి, తాడు రెండో కొస ఉన్న మామిడి మొదలు దగ్గర కూర్చుని, అక్కడ కోసింది.

పార్కు వెళ్లిపోయింది. చెట్ల తలలు ఏటి మీది పెద్ద రోడ్డు వంతెన అడుగును రాసుకుంటూ అవతలికి పోవడం ఊరంతా చూసింది. రేవులో రాతిస్తంభాలు, వాటికి తెగిన తాళ్లు వేలాడుతూ మిగిలాయి. చాలాసేపు ఎవరూ ఇంటికి పోలేదు.

సాయంత్రానికి ఏటి మొగ దగ్గర, కళ్లేపల్లి ఇసుకలో పడవలు పైకి లాక్కుంటున్న జాలర్లకు మామిడితోట ఒకటి బోర్డుతో, బెంచీలతో వస్తూ కనిపించింది. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పెద్దామె సముద్రాన్ని ఎగాదిగా చూస్తోంది.

"ఇన్ని సీరలు దీనికి ఏటికిచ్చినానో" అంది.

ఒడ్డున అప్పలస్వామి అనే ముసలి జాలరి తాడు చుట్ట భుజాన వేసుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాడు. "అమ్మా, ఇసరమంటారా?" అని అరిచాడు.

ముదురాకుపచ్చ చీర కట్టుకున్న రెండో ఆమె లేచి నిలబడింది.

"విసరండి" అంది. "కాస్త వదులుగా కట్టండి."