మూడు ఆర్డర్లు

ఈ కాలంలో ల్యాబులవాళ్ళు డీఎన్‌ఏ ముక్కలను కూడా మనం చీరలు తెప్పించుకున్నంత సులువుగా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. అడిగింది మందు కోసమా, రోగం పుట్టించేదా అని ప్రతి ఆర్డరునూ తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది. సూర్యాపేటలో ఓ కిరాయి గదిలో కూర్చుని స్వర్ణ రాసేది అదే.

ఆ రోజు పొద్దున్నే తన తప్పు తనకే దొరికింది. రెండు నెలల కిందట పరీక్షల కోసమని తనిఖీని దాటేసే దారి ఒకటి పెట్టుకుంది. పని కాగానే తీసెయ్యాలి. మహాతల్లి మరిచిపోయింది. ఆ దారిన ఆ మొదటి వారంలోనే మూడు ల్యాబుల ఆర్డర్లు తనిఖీ లేకుండా వెళ్ళిపోయాయి. వారం దాటితే ఆర్డరు వివరాలు చెరిగిపోతాయి కాబట్టి ఏం అడిగారో తెలియదు. ల్యాబుల పేర్లు మాత్రం మిగిలాయి.

కోడ్‌లో ఒక్క వరుస చెరిపేసరికి దారి మూసుకుపోయింది. భయం వెయ్యలేదు, ఏడుపూ రాలేదు. మనసంతా మొద్దుబారింది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయింది.

అప్పుడే మోతెలో గొర్రెలు కాసే తండ్రి వెంకన్న ఫోన్ చేశాడు.

"కోదాడ నుంచి తెచ్చిన గొర్లల్ల రెండింటికి పారుడు రోగం తగిలింది బిడ్డా. ఐలన్నకు, గౌరయ్యకు చెప్పొస్త. ఆల్ల మందలు మన దిక్కు రావొద్దు గదా."

"రెండే గద నాయినా. పక్కకు కట్టేసి ఊకో. చెప్తే మనల్ని ఎవ్వలు దగ్గరికి రానియ్యరు. చెప్పకుంటే ఎవలకెర్క?"



"జరమొచ్చిందా బిడ్డా నీకు?" అన్నాడు వెంకన్న. కోపంతో కాదు, నిజంగానే కూతురికి ఒంట్లో బాగాలేదనుకున్నాడు పాపం. "ఆల్ల గొర్లు సచ్చినంక చెప్పాల్నా?"

స్వర్ణకు సిగ్గేసింది. ఫోన్ పెట్టేసి, జరిగింది జరిగినట్టు రాసి కంపెనీలో అందరికీ పంపింది.

ఐదు నిమిషాల్లో టీమ్ లీడ్ అక్షయ్ ఫోన్. మిర్యాలగూడ రైసుమిల్లువాళ్ళ అబ్బాయి, మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

"సరిచేసేశావు కదా స్వర్ణా, ఇంకా చాటింపు దేనికి?"

"మన దగ్గర సరైంది సార్. ఆ ల్యాబులకు ఏం పోయిందో తెల్వదు గదా."

మధ్యాహ్నానికల్లా ఆమె లాగిన్ ఆపేశారు. అయినా అక్షయ్ మంచివాడే. ల్యాబులకు తనే ఫోన్లు చేసి, సంగతులు ఆమెకు చెబుతూ వచ్చాడు. మొదటిది పత్తి పురుగు మీద పరిశోధనట. రెండోది కాలేజీ పిల్లల ప్రాజెక్టట. మూడో ల్యాబువాళ్ళు ఫోన్ ఎత్తలేదు. మనిషిని పంపితే ఆ చిరునామాలో తాళం వేసి ఉంది.

సాయంత్రం వెంకన్న మళ్ళీ చేశాడు.

"చెప్పొచ్చిన. ఐలన్న మొకం మాడ్సుకున్నడు గని మందను మర్లేసుకున్నడు. నీ గొంతేంది గట్లున్నది?"

స్వర్ణ అంతా చెప్పింది. ఎవరో వేరే మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పింది. ఉద్యోగం సంగతి వెంకన్న పట్టించుకోలేదు.

"ముగ్గురికీ చెప్పినవా?"

"ఇద్దరికే. మూడో ఆయన దొరుకుతలేడు."

"పోయి ఎన్ని దినాలాయె?"

"రెండు నెల్లు నాయినా."

వెంకన్న వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. మందను ఊడ్చెయ్యడానికి రోగానికి అన్ని రోజులు కూడా పట్టవని ఆయనకు తెలుసు.