జట్టు తప్పిన సెల్లు

మోచేయి బల్లకు ఆనించి ఆయన తరువాతి సెల్లు అందుకున్నాడు. ఉపగ్రహంలోకి వెళ్ళే బ్యాటరీకి సెల్లులు ఏరడం ఆయన పని. నెలల తరబడి ఛార్జి ఎక్కిస్తూ, దింపుతూ చూసి, ఒకే తీరుగా నిలిచినవాటిని ఒక జట్టులో చేర్చాలి. అందులో ఒక్కటి నీరసించినా దాని బరువు మిగిలినవి మొయ్యాలి. పైకి పోయాక మార్చే దిక్కు లేదు.

"మోచెయ్యి బల్లకి అతికించేశారా ఏంటి బాబాయ్?" పక్క బల్ల అమ్మాయి నవ్వింది.

"పట్టు కోసంలే" అన్నాడు.

చేయి వణకడం మొదలై కొంతకాలమైంది. ఇంట్లో భార్య ఏమీ అనకుండానే టీ గ్లాసు సగమే నింపి ఇస్తోంది. ఆ సగం గ్లాసు ముందు ఆయన తల ఎత్తడు.

అమ్మాయి అటు తిరిగినప్పుడు సెల్లు వేళ్ళలోంచి జారి కింద రబ్బరు పట్టా మీద పడింది. చప్పుడు కాలేదు. పడిన సెల్లు పైకి ఎంత బాగున్నా పక్కన పెట్టెయ్యాలి. ఆ మాట కొత్తవాళ్ళకు నేర్పేది ఆయనే. వంగి తీశాడు. సొట్ట లేదు. మీటరు పెట్టి చూశాడు, అంకె మారలేదు. ట్రేలో దాని గుంటలో దాన్ని పెట్టేశాడు.

భోజనాల వేళ అన్నం కలిపాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"ఏం బాబాయ్, పిన్ని ఉప్పు మరిచిపోయిందా?"

ఆయన చెవులు వేడెక్కాయి. క్యారేజీ మూసి లేచాడు. గ్లవుజులు తొడుక్కుని ట్రేలోంచి ఆ సెల్లు తీసి, రెండు చేతులా పట్టుకుని వెళ్ళి సూపర్‌వైజరమ్మ ముందు పెట్టాడు.

"పడిందమ్మా, పొద్దున."

"పొద్దున పడితే ఇప్పుడా చెప్పడం?" ఆమె గొంతు పెంచలేదు. "మీరేనా? అసలెలా పడింది?"

గ్లవుజు తీసి చేయి చాపాడు. కాసేపు ఇద్దరూ దాన్నే చూశారు. ముందు చూపు తిప్పుకున్నది ఆమె.

"జట్టంతా మళ్ళీ కట్టాలి" అంది మెల్లగా. "మీరు రేపట్నుంచి స్టోర్సులో కూర్చోండి."

"వద్దులెండమ్మా. ఇంటికే పోతాను."

గ్లవుజులు మడిచి తన బల్ల మీద పెట్టాడు. అమ్మాయికి ఏదో చెప్పాలని ఆగాడు.

"పిన్ని ఉప్పు బాగానే వేసిందమ్మా" అన్నాడు.

ఆయన వెనక తలుపు దానంతట అదే మూసుకుంది. పనికిరానివి పెట్టే అరలో, ఎర్ర గీత పడిన ఆ సెల్లు నిండు ఛార్జితో ఉంది.