నీలం ముడి

నూట డెబ్భైయో దండీ దగ్గర భావనారాయణకు లెక్క తప్పింది. లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకోవాలన్నది అతను తనకు తానే పెట్టుకున్న నియమం. ఎవరూ అడగకుండా మనిషి తన నెత్తిన పెట్టుకునే నియమాలే వాడిచేత ఎక్కువ చాకిరీ చేయిస్తాయి. ముక్కు చివర వేలాడుతున్న చెమట బొట్టు ఇసుకలో పడింది. అతను మోచేతులు వంచి, మళ్ళీ ఒకటి అన్నాడు.

భవానీపురం దిగువన కృష్ణ ఒడ్డు అది. ఆషాఢం వచ్చింది గాని వరద ఇంకా రాలేదు. తాలింఖానాలో చేసుకోవలసిన సాము ఇలా ఏటి ఇసుకలో దొంగచాటుగా చెయ్యడానికి కారణం ఉంది. పదిరోజుల క్రితం వస్తాదు బసవయ్య అతని భుజం నొక్కి చూసి, కనురెప్ప లాగి చూసి, పక్షం రోజులు గోదా గడప తొక్కవద్దన్నాడు. భావనారాయణ బుద్ధిగా తలూపాడు. మర్నాటినుంచి ఏటికి రావడం మొదలుపెట్టాడు.

ఇరవైయేడేళ్ళవాడు. పన్నెండో ఏట మగ్గం గుంటలోకి కాళ్ళు దించినవాడు కనుక వీపు కొద్దిగా ముందుకు వంగి ఉంటుంది. ఎడమ చూపుడువేలికి దారం కోసిన పాతగాటు. ఇప్పుడు మెడకింద ఎముకలు రెండూ పైకి తేలాయి, కళ్ళు లోపలికి పోయాయి. మెడమీద లేచిన సెగ్గడ్డ ఇరవైరోజులైనా మానలేదు. వీధిలో వాళ్ళు మాత్రం "ఒళ్ళు భలే కట్టుదేరిందయ్యా," అనేవారు. ఆ మాట విన్నరోజున అతను ఇంకో యాభై బస్కీలు ఎక్కువ తీసేవాడు.

ఆవేళ తెల్లవారుజామున ఎవరో తలుపు బాదుతున్నట్టు మెలకువ వచ్చింది. లేచి కూర్చుని విన్నాడు. తలుపు కాదు, తన గుండే. ఇలా లేవడం ఇది వరసగా ఆరోరోజు. సాము చేసేవాడి గుండె గట్టిగా కొట్టుకుంటుంది కాబోలు అనుకుని గోచీ బిగించాడు.

ఇదంతా ఒక అంగుళం కోసం. యుద్ధం వచ్చినప్పటినుంచి నూలు పర్మిట్ల పాలైంది. నెలకు పదిరోజుల పనికి సరిపడా నూలు దొరికితే అదే భాగ్యం. తెల్లవారింది మొదలు టకటకలాడే సాలెవీధిలో ఇప్పుడు కాకుల అరుపు వినిపిస్తోంది. మాఘంలో రిజర్వు పోలీసులోకి మనుషుల్ని తీసుకుంటున్నారంటే వెళ్ళాడు. పరుగు నెగ్గాడు, ఎత్తు సరిపోయింది. టేపు పట్టుకున్నాయన ఛాతీ కొలిచి, "అంగుళం తక్కువ. పెంచుకుని ఆషాఢంలో రా," అని తరవాతి మనిషిని పిలిచాడు. ఆయన ఆ మాట అప్పుడే మరిచిపోయి ఉంటాడు. భావనారాయణ దాన్ని దేవుడి ఆనలా ఇంటికి మోసుకొచ్చాడు.

నేతవాడికి టేపెందుకు? పడుగులోంచి ఒక దారం తీశాడు. గవర్నర్‌పేటలో దర్జీ దగ్గరికి వెళ్ళి కావలసిన ముప్పైమూడు అంగుళాలు కొలిపించి, అక్కడ నీలం పోగు ముడివేశాడు. దారాన్ని మగ్గం గుంజకున్న మేకుకు తగిలించి, నీలం ముడి తగిలినచోట గుంజమీద కత్తితో గంటు పెట్టాడు. ప్రతి గురువారం అతని భార్య సుబ్బరత్నం ఆ దారం అతని ఛాతీ చుట్టూ తిప్పి, కొన కలిసినచోట ఒక చిన్న పోగు కట్టేది. ఫాల్గుణంలో మగ్గంమీద ఎర్రంచు చీర ఉంది కనుక అవి ఎర్రపోగులు. వారం వారం అవి నీలం వైపు జరిగాయి. చైత్రం చివర గోరంత దూరంలో ఆగాయి. అప్పటికి అతను పూటకు రెండువందల దండీలు తీస్తున్నాడు. ఆ గోరంత కోసం మూడువందలు చేశాడు, తరవాత అయిదువందలు. వారానికొకనాడు సాము ఆపి ఒళ్ళు ఆరబెట్టుకునే అలవాటు మానేశాడు. వైశాఖంలో రంగునూలు దొరక్క తెల్లబట్ట నేస్తున్నాడు. అప్పటినుంచి కట్టినవి తెల్లపోగులు. అవి ఒక్కొక్కటే వెనక్కి జరగడం మొదలుపెట్టాయి. తగ్గేకొద్దీ సాము పెంచాడు, పెంచేకొద్దీ తగ్గింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది వ్యవహారం.

"దారం సాగింది," అనేవాడు. "గంజి వదిలింది. దానికి తోడు తేమ."

దారం సంగతి అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? అందుకే ఆ మాట అతను నమ్మాడు.

ఇంటికి వచ్చేసరికి బారెడు పొద్దెక్కింది. తల్లి హనుమాయమ్మ చోడి అంబలి ముందు పెట్టింది. రెండు గుక్కలు తాగి పక్కకు నెట్టాడు.

"ఏంటిరా నాయనా, మళ్ళీ వొదిలేశావు?"

"సయించటంలా."

ఆవిడ ఉప్పూ మిరపకాయలూ పిడికిట పట్టుకుని కొడుకు చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. వీధివాళ్ళ కళ్ళన్నిటినీ పేరుపేరునా తిట్టింది. అతను గుంటలోకి దిగి పడుగు తాడు బిగించాడు. రెండు జానలు నేసేసరికి ఏడుపోగులు తెగాయి. తెగిన పోగు అతుకుదామంటే వేళ్ళు వణికి కొసలు కలవలేదు. పుట్టి బుద్ధెరిగాక అతనికి అలా జరగలేదు. చేతిని తొడకింద పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

అప్పుడు వచ్చాడు బసవయ్య. అరవైయేళ్ళు దాటిన మనిషి, నలిగిన చెవులు, గుమ్మంలోకి వంగితేగాని పట్టడు. దొంగసాము సంగతి ఏటి ఒడ్డున చాకళ్ళు చెప్పారట.

"ఒరే నారాయణా, ఇట్టా పైకి రా."

గుంట అంచు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి లేచాడు. లేవబోయే ముందు, మగ్గం దిగే ప్రతిసారీ చేసేట్టే పడుగు తాడు వదులు చేశాడు. బిగించిన పడుగు వదిలి లేచిన పాపాన అతను ఎన్నడూ పోలేదు. బసవయ్య అది చూశాడు.

"దారానికి ఇచ్చే వొదులు ఒంటికియ్యవేంట్రా?" అన్నాడు. "నిద్దర పడతందా?"

"పడతందండీ."

"తిండి?"

"తింటన్నానండీ."

"అబద్ధం," అంది లోపలినుంచి హనుమాయమ్మ. "కూడు ముట్టి నాలుగు రోజులైంది. ముట్టుకుంటే చిరాకు. ఎవడివో పాపిష్టి కళ్ళు తగిలినయ్ తమ్ముడా."

"దిష్టి కాదక్కా, అలుపు. అది మిరపకాయలకి పోదు." బసవయ్య అతని ముంజేయి పట్టుకుని నాడి మీద వేలుంచి, చాలాసేపు వదలలేదు. "ఆకలి పోద్ది, నిద్దర పోద్ది, కోపం వస్తది, పడుకుని లేచినా గుండె పరిగెడతది. ఇయ్యి వచ్చినయ్యంటే గోదా దిగిపోవాలి. నా జోడీ చౌడయ్య దిగలా. నూతిగట్టున చేద పట్టుకునే కూలబడ్డాడు, మళ్ళీ లేవలా. నేల విడిచి సాము చెయ్యమాకరా. కండ దండీలు తీసేటప్పుడు పెరగదు, పడుకున్నప్పుడు పెరుగుద్ది. మంచమెక్కటం కూడా కసరత్తే."

"వచ్చే శుక్రవారమే గురువుగారూ సెలక్షను. ఎనిమిదిరోజులు పడుకుంటే ఉన్నది కూడా పోద్ది."

"ఉన్నదేదో ఉంటది గదరా," అన్నాడు బసవయ్య. ఆ మాట చిన్నగా అన్నాడు. భావనారాయణ నేలచూపులు చూస్తుంటే వంగి బయటికి వెళ్ళిపోయాడు.

ఆవేళ గురువారం. మధ్యాహ్నం సుబ్బరత్నం మేకునుంచి దారం తీసింది. పామర్రు దగ్గర నేతవాళ్ళ ఇంటి పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. దారం చుట్టూ తిప్పింది. కొన కిందటి తెల్లపోగుకు అరవేలు ఇవతల కలిసింది. ఇది మొట్టమొదటి ఎర్రపోగుకంటే కూడా తక్కువ. అంటే మాఘంలో ఉన్నపాటి మనిషి కూడా ఇప్పుడు లేడు.

"తేమకి సాగింది," అన్నాడు.

ఆమె పోగు కట్టలేదు. దారం తీసుకెళ్ళి గుంజకున్న మేకుకు తగిలించి, కిందివరకూ వేలితో నిమిరి, నీలం ముడి దగ్గర ఆపింది. ముడి సరిగ్గా గంటులో కూర్చుంది.

"దారం సాగలేదండీ. మీరే తగ్గారు."

అతను చూశాడు. తరవాత చేతికందిన చెంబు గోడకు విసిరాడు. చెంబు సొట్టపడి దొర్లుకుంటూ వెళ్ళి గుంటలో పడింది. సుబ్బరత్నం కదల్లేదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు ఆయాసపడుతూ.

"ఎప్పుడు చెప్పబోయినా ఇట్టాగే చూస్తన్నారు."

పెళ్ళయిన ఆరేళ్ళలో అతను ఒక్కనాడూ చెయ్యెత్తినవాడు కాదు, గిన్నె విసిరినవాడు కాదు. గోడమీద పెచ్చూడిన చోటు చూసుకున్నాడు. గుంజ దగ్గరికి వెళ్ళి గంటును బొటనవేలితో తడిమాడు. నీలం ముడిని పక్కకు లాగి వదిలాడు. అది మళ్ళీ గంటులోకే వచ్చి ఆగింది. దారం విషయంలో తను పొరపడ్డాననేది నేతవాడికి చిన్న సంగతి కాదు. వస్తాదు చెబితే తలకెక్కనిది ఆ పోగు చెబితే ఎక్కింది.

"రేపట్నుంచి పడుకుంటా," అన్నాడు. "ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. వస్తాదుగారికి కబురుచెయ్యి."

"ఇవాళే పడుకోండి."

"జానెడు మిగిలింది. అదైపోనీ."

ఆమె వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లోపల మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడులో తేడా ఆమె చెవికి తెలుసు. ఇవాళ నిదానంగా ఉంది, తొందర లేదు. చాలాకాలానికి ఆమెకు గుండె తేలికపడింది. కాసేపటికి చప్పుడు ఆగింది. పోగు తెగి ఉంటుంది, అతుకుతున్నాడనుకుంది. ఇంకో కండె చుట్టింది. ఎంత బతికినా ఆ కండెను ఆమె మరిచిపోలేదు.

లేచి తొంగిచూసింది. అతను గుంటలోనే కూర్చుని, నేసిన బట్టమీద చెంప ఆనించి ఉన్నాడు. పడుగు తాడు వదులు చేసి ఉంది. నిద్రపోతున్నాడని ఆమె కళ్ళు చెమర్చాయి. ఆరురోజులుగా లేని నిద్ర. మునివేళ్ళమీద వెనక్కి వచ్చి రాట్నం ఆపేసింది.

"పడుకున్నారత్తయ్యా. చప్పుడు చెయ్యమాకండి," అంది.

హనుమాయమ్మ రోకలి పక్కన పెట్టి, అరిచే కోడిని పెరట్లోకి తోలింది. వీధిలో ఎవరో కేకేస్తే గుమ్మందాకా వెళ్ళి, నోటిమీద వేలుపెట్టి చూపించింది. అలా ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మూడు గంటలసేపు గాజుల చప్పుడు కూడా కానివ్వకుండా అతని నిద్రను కాచారు. దీపం పెట్టే వేళకు లేపుదామని సుబ్బరత్నం భుజంమీద చెయ్యివేసింది.

బసవయ్య వచ్చి గుమ్మం బయటే నిలబడిపోయాడు. ముంజేతిమీద వేలుపెట్టి చూడడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. తరవాత ఏరు నిండింది. నెలన్నరపాటు ముసురు విడవలేదు. గోడలు చెమ్మగిల్లాయి, పెట్టెలో బట్టలు బూజెక్కాయి. గుంజకున్న ఆ దారాన్ని తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ వానాకాలమంతా అది అక్కడే వేలాడింది. అన్ని వానల్లోనూ నీలం ముడి గంటు దాటి వెంట్రుకవాసి కిందికి దిగలేదు.